స్నూకర్‌లో క్యూ తిన్నగా పోవాలంటే ఏం చేయాలి?

బరంపురం పార్లర్లలో ఆడే మన కుర్రాళ్లకి గురి లేక బంతులు తప్పడం లేదు. ఏ ఎర్ర బంతికి ఎక్కడ తగిలితే పాకెట్‌లో పడుతుందో వాళ్లకి బాగానే తెలుసు. బంతిని కొట్టే కర్ర, అదే క్యూ, తిన్నగా పోక తప్పుతున్నాయి. ఆ సంగతి గమనించకుండా "కొంచెం పల్చగా తగిలిందన్నా" అని, తర్వాతి బంతికి గురి కాస్త పక్కకి జరుపుతారు, అది పడుతుంది, ఇక అదే అలవాటైపోతుంది. అంటే వంకర దెబ్బని వంకర గురితో సరిపెట్టుకుంటున్నారు. దగ్గర బంతులకి ఇది చెల్లుతుంది కానీ, 12 అడుగుల టేబుల్‌కి ఆ చివరనున్న బంతి దగ్గర దొరికిపోతారు. అందుకే క్యూ సరిచేసుకునే రోజుల్లో పాకెట్ల సంగతి మర్చిపోండి. బంతి పడినంత మాత్రాన దెబ్బ సరిగ్గా ఉన్నట్టు కాదు.

ముందు సామాను. సొంత క్యూ ఉంటే సరే, లేకపోతే స్టాండ్‌లో ఉన్నవాటిని టేబుల్ మీద దొర్లించి చూసి, వంపు లేనిదీ టిప్, అంటే బంతికి తగిలే కొన, గుండ్రంగా ఉన్నదీ ఒకటి ఏరుకోండి, రోజూ దాన్నే ఇవ్వమని పార్లర్‌లో టేబుళ్లు చూసుకునే మార్కర్‌కి చెప్పి పెట్టుకోండి. కొనేవాళ్లు యాష్ కర్రదే కొనాలి. దాని మీద బాణం మొనల్లాంటి చారలుంటాయి, వాటిని పైకి పెట్టి పట్టుకుంటే ప్రతిసారీ క్యూ చేతిలో ఒకేలా కూర్చుంటుంది. గోపాలపూర్ సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని చేతికి చెమట పట్టకుండా ఉండదు కాబట్టి ఒక పొడి గుడ్డ తప్పనిసరి. పౌడర్ మాత్రం వద్దు, అదంతా రాలి టేబుల్ గుడ్డకి పడుతుంది.

టేబుల్‌ని కూడా ఒకసారి పరీక్షించండి. తెల్ల బంతిని మెల్లగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దొర్లించండి. రెండుసార్లూ ఒకే కుషన్ (టేబుల్ అంచు) వైపు జారితే టేబుల్ వాలుగా ఉన్నట్టే. ఆ టేబుల్ మీద మీ క్యూ గురించి ఏ తీర్పూ చెప్పుకోలేరు, పక్క టేబుల్ అడగండి.

నిలబడడం గురించి క్లుప్తంగా చెప్తాను. దెబ్బ పోవాల్సిన గీత వెనక నిటారుగా నిలబడి, గీతని చూస్తూ దాని మీదకి నడిచి రండి. కుడిచేతి వాటం అయితే కుడి పాదం గీత మీద, ఎడమ పాదం కాస్త ముందు, కాస్త పక్కకి. వంగాక క్యూ గడ్డానికీ ఛాతీకీ తగులుతూ ఉండాలి. వంగిన తర్వాత గురి తప్పుగా అనిపిస్తే పడుకున్న చోటే చేత్తో సర్దకండి, లేచి నిలబడి మళ్లీ రండి. గడ్డం నడిమికే క్యూ ఉండాలని పట్టుబట్టే వాళ్లున్నారు, అది అందరికీ కుదరదు. 1927 నుంచి 1946 మధ్య 15 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జో డేవిస్‌కి కుడి కంటి చూపు చాలా తక్కువ, ఆయన క్యూని ఎడమ కంటి కింద నడిపేవాడు. మీకు ఏ కన్ను బలమైందో చూసుకుని, క్యూని ఆ వైపుకి కొంచెం జరుపుకుంటే తప్పేం లేదు.

ఇక అసలు చిక్కంతా క్యూని పట్టుకున్న వెనక చేతిలో ఉంది. మిగతావన్నీ వారంలో కుదురుతాయి, ఇది మాత్రం నెలలు తీసుకుంటుంది, అయినా తొందరపడొద్దు.

టిప్ తెల్ల బంతికి దాదాపు ఆనుకుని ఉన్నప్పుడు మీ మోచేతి కింది భాగం నిలువుగా నేలకి వేలాడాలి. పక్క నుంచి ఎవరినైనా చూడమనండి, లేదా ఫోన్ గోడకి ఆనించి వీడియో తీసుకోండి. చెయ్యి ముందుకో వెనక్కో వంగి ఉంటే గ్రిప్‌ని క్యూ మీద రెండు మూడు అంగుళాలు జరపండి. పట్టు ఎంత ఉండాలంటే, క్యూ కింద పడకుండా ఉంటే చాలు. కోడిగుడ్డు పట్టుకున్నంత సుతారంగా.

క్యూని వెనక్కి లాగేటప్పుడు చిటికెన వేలు, దాని పక్క రెండు వేళ్లు మెల్లగా తెరుచుకోవాలి. చాలామంది పిడికిలి బిగించే వెనక్కి లాగుతారు, అప్పుడు మణికట్టు మెలితిరిగి క్యూ వెనక కొస పైకి లేస్తుంది, టిప్ కిందకి దిగుతుంది, పైగా క్యూ ఒంటి వైపుకి వాలుతుంది. ఆ స్థితి నుంచి ముందుకి కొడితే తిన్నగా పోవడం అసాధ్యం. వేళ్లు తెరుచుకున్నప్పుడే క్యూ ఒకే ఎత్తులో వెనక్కి వస్తుంది.

వెనక చివర ఒక్క క్షణం ఆగండి. ఆగకుండా కొట్టి గెలిచే పెద్ద ఆటగాళ్లు ఉన్నారని నాతో వాదించేవాళ్లు చాలామంది. ఉన్నారు, కాదనను. వాళ్లు చిన్నప్పటి నుంచి రోజంతా టేబుల్ మీదే గడిపినవాళ్లు. ఆఫీసు అయ్యాక గంటసేపు ఆడే మనకి ఆ ఆగడమే రక్ష. ఆగకపోతే చెయ్యి వెనక్కి పోతూనే ముందుకి కుదుపుతో తిరుగుతుంది, ఆ కుదుపులోనే భుజం కదిలి క్యూ గీత తప్పుతుంది. ఆగినప్పుడు చూపు తెల్ల బంతి నుంచి కొట్టాల్సిన బంతి మీదకి తీసుకెళ్లి, అక్కడే ఉంచండి.

ముందుకి వచ్చేటప్పుడు మొదట నింపాదిగా, బంతి దగ్గరికి వచ్చేసరికి వేగంగా. వేళ్లు వాటంతట అవే మూసుకోవాలి, టిప్ బంతికి తగిలే వేళకి మూసుకోవడం పూర్తవ్వాలి. అంతకు ముందే బిగిస్తే పని చెడుతుంది, వంకర దెబ్బల్లో ఎక్కువ భాగం నేను చూసినంతవరకు ఇక్కడే పుడతాయి. గట్టిగా కొట్టాలి అనుకోగానే పిడికిలి ముందే బిగుసుకుంటుంది, ఫ్రేమ్ (ఒక ఆట) చివర్లో నల్ల బంతి ఒక్కటే మిగిలితే టెన్షన్‌తో ఇంకా బిగుసుకుంటుంది. తగిలేదాకా మోచెయ్యి ఉన్నచోటే ఉండాలి. తగిలాక అది కొంచెం కిందకి దిగినా ఫర్వాలేదు. తల మాత్రం లేవకూడదు. బంతి ఎటు పోయిందో చూద్దామనే ఆత్రంతో దెబ్బకి ముందే తల ఎత్తితే తలతోపాటు భుజం, భుజంతోపాటు క్యూ.

ఇదంతా కుదిరిందో లేదో చెప్పే పరీక్ష ఒకటే. టేబుల్ మీద బంతులన్నీ తీసేసి తెల్ల బంతిని బ్రౌన్ స్పాట్ మీద, అంటే బ్రౌన్ బంతి పెట్టే గుర్తు మీద, పెట్టండి. బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా ఎదుటి కుషన్‌కి తగిలి మళ్లీ బ్రౌన్ దాకా వచ్చేంత వేగంతో కొట్టండి. అక్కడికి 9 అడుగుల పైచిలుకు దూరం, ఏ లోపమూ దాగదు. కొట్టాక కదలకండి, టిప్ ఆ గీత మీదే ఉండాలి, తిరిగొచ్చిన బంతి ఆ టిప్‌కే తగలాలి.

తగలకపోతే ఎక్కడ తప్పిందో చూడండి. పోయేటప్పుడు స్పాట్ల మీదుగానే పోయి, కుషన్ తాకాక కుడికి విరిగితే మీరు బంతి నడిమికి కుడి పక్కన కొట్టారు, తెలియకుండా సైడ్, అంటే బంతికి పక్క తిప్పుడు, పడింది. ఎడమకి విరిగితే ఎడమ పక్కన. పోయేటప్పుడే బ్లూ స్పాట్ పక్క నుంచి పోతే క్యూ గీతకి అడ్డంగా వచ్చింది, గ్రిప్‌నీ భుజాన్నీ చూసుకోండి. ముందు మెల్లగా కొట్టి, పది దెబ్బల్లో ఏడెనిమిది సరిగ్గా వస్తున్నాయంటేనే వేగం పెంచండి. పార్లర్‌లో పూల్ టేబుల్ కూడా ఉంటే చారల బంతి ఒకటి తీసుకుని, చార నిలువుగా గీత వెంబడి ఉండేట్టు పెట్టి కొట్టండి. నడిమికి తగిలితే చార స్థిరంగా దొర్లుతుంది, లేకపోతే ఊగుతుంది, కుషన్ దాకా ఆగక్కర్లేకుండానే తప్పు కనిపిస్తుంది.

దీనికి సాయంత్రాలు పనికిరావు. ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టే ఆటల మధ్య ఎవరూ మీకు ఖాళీ టేబుల్ వదలరు. పొద్దున తలుపులు తీసే వేళకి వెళ్లి ఒక అరగంట తీసుకోండి. వెళ్లడం కుదరని రోజు ఇంట్లో బల్ల మీద ఖాళీ గాజు సీసా పడుకోబెట్టి, దాని మూతిలోకి అంచులు తగలకుండా క్యూ ఆడించండి, వేళ్లు తెరవడం, ఆగడం, మూయడం అన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. బ్రౌన్ స్పాట్ పరీక్ష గట్టి దెబ్బకి కూడా నిలిచాక బ్లూని దాని స్పాట్ మీద పెట్టి, తెల్ల బంతితో తిన్నటి వరసలో మూల పాకెట్‌కి కొట్టడం మొదలుపెట్టండి. అప్పటిదాకా సైడ్ జోలికి పోవద్దు.