బంపర్ పగులును ప్లాస్మాతో సిద్ధం చేసి అతికించడం ఎలా?

అతుకు ఊడినప్పుడల్లా జిగురును తిడతారు. తప్పు జిగురుది కాదు, దాని కింద ఉన్న ప్లాస్టిక్‌ది. బంపర్ లోపలి వైపు ‘పీపీ’ అని అచ్చు ఉంటే అది పాలీప్రొపిలీన్. దాని ఉపరితల శక్తి, అంటే ద్రవాన్ని తన మీదికి లాగే బలం, మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు. నీటి తలతన్యత, అంటే నీరు తనను తాను చుక్కగా పట్టి ఉంచుకునే బలం, 72. అందుకే దాని మీద నీరు పరుచుకోక చుక్కలుగా నిలుస్తుంది. జిగురు కూడా సరిగా పరుచుకోదు. ప్లాస్మా, అంటే విద్యుత్తుతో చార్జ్ చేసిన గాలి, ఆ ఉపరితలాన్ని జిగురు పరుచుకునేలా మారుస్తుంది.

సబ్బునీళ్లతో కడగండి, ఆల్కహాల్‌తో తుడవండి, 120 నంబరు సాండ్ పేపరుతో రుద్దండి, దుమ్ము పోయేలా మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి. పూర్తిగా ఆరనివ్వండి, ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. ప్లాస్మా వల్ల ఓజోన్ అనే హానికర వాయువు పుడుతుంది కాబట్టి కిటికీలు తెరవండి. రెండు భాగాల పాలీయురిథేన్ జిగురు, గాజునార జాలీ, క్లాంపులు ముందే చేతికి అందేలా పెట్టుకోండి.

ఇక అసలు పని. చేతి ప్లాస్మా పరికరాన్ని దాని పుస్తకంలో చెప్పినంత దూరంలో పట్టుకుని, ఒకే వేగంతో, ఒక వరుస అంచు మీదికి తర్వాతి వరుస వచ్చేలా నడపండి. ఎక్కడా ఆగవద్దు. ముందు కనిపించని మూల మీద ప్రయత్నించి ఒక నీటి చుక్క వేయండి. చుక్క పల్చగా పరుచుకుంటే చాలు. ఇంకాస్త మంచిదని పదేపదే తిప్పితే ప్లాస్టిక్‌లోని పొడవాటి గొలుసులు తెగి, ముక్కలు పిండిలా పైన మిగులుతాయి. జిగురు ఆ పిండికి అంటుకుని దానితో పాటే ఊడి వస్తుంది. కంటికి మాత్రం ఏ తేడా కనిపించదు.

తర్వాత చాలామంది చేసే పాడుపని, శుభ్రం కోసమంటూ మరోసారి ఆల్కహాల్‌తో తుడవడం. ప్లాస్మాతో అప్పుడే తయారైన పొర ఆ గుడ్డకు అంటుకుపోతుంది. తుడవవద్దు, వేలు కూడా ఆనించవద్దు. సమయం గడిచేకొద్దీ ఆ పొర గుణం తగ్గుతుంది. పదిహేను నిమిషాల్లో జిగురు పడాలి, నా దగ్గర ఇదే నియమం.

మంటతోనూ ఇదే ఫలితం వస్తుంది, ఫ్యాక్టరీల్లో ఆ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. కానీ పగిలిన అంచు పల్చన, చేతిలోని మంట ఒక్క క్షణం నిలిచినా అది వంకర తిరుగుతుంది. వంకర అంచులు మళ్లీ కలవవు. అందుకే నేను మంట జోలికి పోను.

వెనుక వైపు జాలీ పరిచి జిగురు నింపి, క్లాంపు బిగించండి. గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి పోతుంది, కదలకుండా ఉంటే చాలు. ప్యాకెట్ మీద రాసిన గంటలు పూర్తయ్యే వరకు బండికి తగిలించవద్దు.