ఐదో భాగం తెరిచే ముందు

హ్యారీ పాటర్ లాంటి సిరీస్‌లో కొత్త భాగం చేతికి రాగానే నేరుగా మొదలుపెట్టకండి. దాని ముందు భాగంలోని చివరి నాలుగైదు అధ్యాయాలు మళ్లీ చదవండి. నాలుగో పుస్తకం 2000లో, ఐదోది 2003లో వచ్చాయి, మధ్యలో మూడేళ్ల గ్యాప్. నాలుగోదాని చివర్లో శ్మశానంలో ఏం జరిగిందో, హ్యారీ మాట ఎవరు నమ్మారో, ఎవరు కొట్టిపారేశారో గుర్తులేకపోతే ఐదోదాంట్లో అతనికి అంత కోపం ఎందుకో అర్థం కాదు. ఎవరికి ఏ రహస్యం తెలుసో ఒక చీటీ మీద రాసుకుని, దాన్నే బుక్‌మార్క్‌గా పెట్టుకోండి. మా కడప ఎండలకి మే నెల మధ్యాహ్నాలు పిల్లలు ఎలాగూ గడప దాటలేరు, ఈ పనికి అదే మంచి టైం. ఒకే కాపీని ఇద్దరు చదువుతుంటే మాత్రం ఎవరి చీటీ వాళ్ల దగ్గరే ఉండాలి. లేదంటే అక్క రాసిన పేర్లు చూసి చెల్లెలికి కథంతా ముందే తెలిసిపోతుంది.