18వ శతాబ్దపు చొక్కాకు లినెన్ నేయడం

18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మగవాళ్లు తొడిగిన లినెన్ (అవిసె నార బట్ట) చొక్కాలో వంపు కత్తిరింపులు దాదాపు ఉండవు, అన్నీ చతురస్ర, దీర్ఘచతురస్ర ముక్కలే. భుజాల మీద మడిచిన ఒకే పొడవు ముక్కతో ముందూ వెనకా వచ్చేస్తాయి. అందుకని పన్నా ముందే తేల్చుకోవాలి.

ఉతికాక 75 సెం.మీ. పన్నా, 3.1 మీటర్ల పొడవు చాలు. ఒంటికి 2 మీటర్లు, చేతులకు 1.1 మీటర్లు. చేతుల పక్కన మిగిలే 25 సెం.మీ. పట్టీల్లో కాలరు, కఫ్‌లు, చంక ముక్కలు వస్తాయి. ఉతికితే బట్ట కుదించుకుపోతుంది కాబట్టి మగ్గం మీద 84 సెం.మీ. (33 అంగుళాలు) వెడల్పున 3.45 మీటర్లు నేయాలి. మగ్గం మీద నేయకుండా మిగిలిపోయే వృథా, నమూనా ముక్క కలిపి పడుగు (నిలువు పోగులు) 5 మీటర్లు పోయండి.

పడుగుకు 40/2 దారం (40 నంబరు పోగులు రెండు పేనినది), పేకకు (అడ్డపోగులకు) అదే లావుండే 20/1 (20 నంబరు ఒంటిపోగు) వాడండి. రెండూ కిలోకు సుమారు 12,000 మీటర్లు. అంగుళానికి 24 పోగులు, అంచులతో కలిపి 800. పడుగుకు 4,000 మీటర్లు, పేకకు 3,000. తూకం 580 గ్రాములు, 700 కొనండి. అప్పటి బట్టలో పడుగు కూడా ఒంటిపోగే, కానీ కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. షోకైన చొక్కాల బట్ట దీనికంటే చాలా సన్నం. ఇది పనిపాటలకు వేసుకునే రకం.

పత్తి కాస్త సాగి సర్దుకుంటుంది, లినెన్ సాగదు. తంటా అంతా ఇక్కడే. పడుగు చుట్టేటప్పుడు ఒక పోగు వదులైతే నాడె (పేకను అటూ ఇటూ మోసే సాధనం) దానికి తగులుతుంది, పక్కది బిగుసుకుని తెగుతుంది. కట్టాక అరచేత్తో పడుగు మీద అడ్డంగా నిమిరి చూడండి, వదులైన చోటు చేతికి తెలిసిపోతుంది. నేతలో వదులైన పోగుకు మగ్గం వెనక బరువుగా చిన్న ఇనప నట్టు వేలాడదీస్తే సరిపోతుంది.

ఎండిన లినెన్ పెళుసు, తడిస్తే బలం పెరుగుతుంది. యూరప్‌లో తేమ నిండిన నేలమాళిగల్లో నేసింది ఇందుకే. మన వేసవి మధ్యాహ్నాలు దీనికి పనికిరావు. తెల్లవారుజామున నేయండి, మగ్గం కింద తడి గోనె పరవండి. పేక కండెలు తడిగుడ్డలో చుట్టి ఉంచండి.

పోగుల మీద నూగు లేచి ఒకదానికొకటి అంటుకుంటే అవిసె గింజల జిగురు పట్టించాలి. ఒక పెద్ద చెంచా గింజలు అర లీటరు నీళ్లలో పావుగంట మరిగించి, వేడిగానే వడకట్టండి (చల్లారితే గుడ్డలోంచి దిగదు). బ్రష్‌తో పల్చగా రాసి, ఆరాకే ముందుకు జరపండి. చిక్కగా రాస్తే పోగులు గుత్తులుగా అంటుకుని పడుగు విడదు.

తెగిన పోగుకు ముడి నమ్మకం కాదు, నునుపుకి జారిపోతుంది. కొత్త పోగు వెనక నుంచి తెచ్చి, నేసిన బట్టలో గుండుసూదికి చుట్టండి.

మగ్గం దించిన బట్ట అట్టలా ఉంటుంది. సబ్బు, చెంచాడు వాషింగ్ సోడా వేసిన నీళ్లలో గంటసేపు సన్నగా మరిగించండి. మడతలు పడకుండా చూడండి, పడితే ఆ గీత పోవడం కష్టం. తెల్లగా కావాలంటే ఒకప్పుడు నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో చేసినట్టు పచ్చిక మీద పరిచి, తడుపుతూ ఎండబెట్టాలి. క్లోరిన్ నారను తినేస్తుంది. చెమ్మగా ఉండగానే చెక్క సుత్తితో అంతటా తట్టి, ఇస్త్రీ చేయండి.

కత్తిరించే చోట సుద్దగీత వద్దు. ఒక పేక పోగు లాగేయండి, ఖాళీ అయిన ఆ సన్నని గాడి వెంటే కత్తెర నడపండి.