పంట నష్టం రాసే వేళ మనవాళ్ళ చేను: గ్రామ సచివాలయ ఉద్యోగులు వానలకు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

ప్రకాశం జిల్లాలో ఒక మండలంలో పంట నష్టం జాబితాలో తన చిన్నాన్న చేను తానే రాసిన ఒక కుర్ర ఉద్యోగికి సస్పెన్షన్ ఉత్తర్వు అందిందని పోయిన వారం తెలిసింది. ఆ అబ్బాయి పేరు, ఊరు ఇక్కడ అవసరం లేదు. అతను ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. చిన్నాన్న చేను నిజంగానే మునిగింది. అయినా ఉత్తర్వు వచ్చింది. రెవెన్యూ శాఖలో నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి దిగిపోయిన నాకు ఆ వార్త విన్నాక నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇదే తప్పుతో ఇంతకు ముందు చెడిపోయిన వాళ్ళను నేను దగ్గర నుంచి చూశాను.

మన జిల్లాలకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. 2015 నవంబరు వరదలు, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన రోజులు, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను, అన్నీ అక్టోబరు డిసెంబరు నెలల మధ్యవే. నీళ్ళు తీసిన మర్నాడే నష్టం రాసే పని మొదలవుతుంది. లంచం ముట్టవద్దని, లేని పొలం రాయవద్దని మీకు నేను చెప్పనక్కరలేదు. మంచివాళ్ళు కూడా పడిపోయే ఒక్క గుంట గురించే ఇది రాస్తున్నాను.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుంది

మనవాళ్ళ కాగితం మన చేతి మీదుగా పోకూడదు. ఆ కాగితంలో ఉన్నది నిజమా అబద్ధమా అన్నది తరవాతి సంగతి. అబద్ధం రాస్తేనే తప్పు, నిజం రాస్తే భయమెందుకు అని చాలామంది అనుకుంటారు, చెడిపోయేది సరిగ్గా అక్కడే.

2015 వరదలప్పుడు పెన్నా డెల్టాలో నాతో కలిసి పనిచేసిన ఒక వీఆర్‌వో ఉండేవారు. నికార్సయిన మనిషి. పంట నష్టానికి ప్రభుత్వం పెట్టుబడి రాయితీ (ఇన్‌పుట్ సబ్సిడీ) ఇవ్వాలంటే 50 శాతం నష్టం ఉండాలన్న నిబంధనను ఆ ఏడాదే 33 శాతానికి తగ్గించారు. ఆయన అక్కమొగుడి చేను కాలవ పక్కన పల్లంలో ఉంది, నాటు వేసి పది రోజులు కాకముందే మునిగింది. ఆయన చూసి 40 శాతం అని రాశారు. పక్కనే కొంచెం మెరకగా ఉన్న మరో రైతు చేనుకు 30 శాతం రాశారు. రెండూ సరైన అంకెలేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ పక్క రైతు సమాచార హక్కు చట్టం కింద జాబితా అడిగాడు. 30 రోజుల్లో కాగితాలు చేతికొచ్చాయి. తనకు రాలేదు, గట్టు అవతల ఉన్న వీఆర్‌వో బావకు వచ్చింది. ఫిర్యాదు వెళ్ళింది.

విచారణలో నష్టం శాతం గురించి పెద్దగా అడగలేదు. అడిగినవి రెండే ప్రశ్నలు: ఈ రైతు మీకేమవుతాడు? ఆ సంగతి ముందుగా ఎవరికైనా రాసి ఇచ్చారా? మొదటిదానికి ఆయన బావ అని చెప్పారు. రెండోదానికి, తహసీల్దారు గారికి నోటితో చెప్పానన్నారు. ఆ తహసీల్దారు అప్పటికే బదిలీ అయి వెళ్ళారు, అటువంటిదేదీ గుర్తు లేదని రాసి పంపారు. రెండు ఇంక్రిమెంట్లు శాశ్వతంగా పోయాయి, పదోన్నతి జాబితాలో ఆయన పేరు దాటిపోయింది. విచారణ తేలేదాకా బావకు రావలసిన డబ్బు ఆపేశారు. మీవల్లే నాకీ గతి అని ఆయన, నీవల్లే మా డబ్బు ఆగిందని బావ, ఆ రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. అక్కను కాపాడుకుందామని చేసిన పని అక్కనే దూరం చేసింది.

ఇంతకీ ఆ 33 శాతం ఎవరు కొలుస్తారో ఆలోచించండి. తూకం లేదు, టేపు లేదు. గట్టు మీద నిలబడి కంటితో చూసి చెప్పే అంకె అది. 28 అని కూడా అనిపించవచ్చు, 35 అని కూడా అనిపించవచ్చు. మనవాడి చేను దగ్గర కన్ను కొంచెం మెత్తబడుతుంది, మనకు తెలియకుండానే. ఒకవేళ మెత్తబడకపోయినా, మెత్తబడలేదని ఊరిని నమ్మించడం మన తరం కాదు. అందుకే నిజాయితీపరుడికి కూడా ఈ నియమం వర్తిస్తుంది: మనవాళ్ళ కాగితం మన చేతి మీదుగా పోకూడదు.

వానలకు ముందు చేయవలసినవి

మీ సచివాలయం పరిధిలో మీవాళ్ళకు ఉన్న భూములు, ఇళ్ళు, చెరువులు ఏవేవో ఒక కాగితం మీద రాసుకోండి. మీవాళ్ళంటే రేషన్ కార్డులో ఉన్నవాళ్ళే కాదు. అమ్మ వైపు, నాన్న వైపు, అత్తగారి వైపు, అందరినీ చేర్చండి. సొంత ఊళ్ళో ఉద్యోగం కాదు గదా అని ధీమాగా ఉండవద్దు, మన వియ్యాలు మూడు నాలుగు మండలాల్లో పరుచుకుని ఉంటాయి. మీరు అద్దెకున్న ఇంటి యజమానిని, మీకు చేబదులిచ్చినవాణ్ణి, మీతో భాగస్వామ్యంలో రొయ్యల చెరువు వేసిన మిత్రుణ్ణి కూడా రాయండి. వీళ్ళను చట్టం బంధువులనదు, ఊరు మాత్రం అంటుంది.

ఆ జాబితా ఆధారంగా తహసీల్దారుకు, మీది వ్యవసాయ శాఖ అయితే మండల వ్యవసాయ అధికారికి ఒక లేఖ ఇవ్వండి. పెద్దగా రాయనక్కరలేదు. "ఈ దిగువ సర్వే నంబర్ల భూములు నా బంధువులవి. ఈ సీజనులో వీటి నష్ట పరిశీలన, నమోదు, ధ్రువీకరణ పనులను వేరొక ఉద్యోగికి అప్పగించవలసిందిగా కోరుతున్నాను" అంటే చాలు. ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించి నకలు మీ దగ్గర పెట్టుకోండి. నోటితో చెప్పింది చెప్పనట్టే లెక్క. అధికారులు మారతారు, కాగితం మారదు.

ఇంట్లో కూడా ముందే చెప్పండి. నష్టం జరిగాక చెబితే అది ద్రోహంలా వినిపిస్తుంది, ముందే చెబితే పద్ధతిలా వినిపిస్తుంది. "మామా, నీ చేను నేను చూడను. పక్క సచివాలయం వాళ్ళొచ్చి చూస్తారు. నువ్వు మాత్రం ఈ-పంటలో, అంటే ఆన్‌లైన్ పంట నమోదులో, నీ పేరు ఎక్కిందో లేదో, వేలిముద్ర పడిందో లేదో, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసిందో లేదో ఇప్పుడే చూసుకో" అని చెప్పడంలో తప్పేమీ లేదు. ఆ మాటే రైతు సేవా కేంద్రం నోటీసు బోర్డు మీద కూడా రాయండి. ఊరందరికీ చెప్పిన మాట మామకు చెప్పినా పక్షపాతం కాదు. బంధువుకు మనం న్యాయంగా చేయగలిగిన సాయం ఇదే, ఇది చిన్న సాయమేమీ కాదు, ఎందుకంటే ఎక్కువమందికి డబ్బు ఆగేది నష్టం లేక కాదు, నమోదులో లోపం వల్ల.

నాకు తెలిసిన ఒక ఉద్యోగిని మిచౌంగ్ తరవాత తన అన్న పొలం గురించి ఇలాగే లేఖ ఇచ్చింది. అన్న సంక్రాంతికి కూడా ఆమె ఇంటికి రాలేదు. పక్క ఊరి ఉద్యోగి వచ్చి పొలం చూసి నష్టం రాశాడు, అన్నకు డబ్బు వచ్చింది, జాబితా మీద ఎవరూ నోరెత్తలేదు. ఉగాదికి అన్న వచ్చాడు.

చేలోకి దిగిన రోజున

అన్నిటికంటె బరువైన చిక్కు కౌలు భూమి దగ్గర వస్తుంది. భూమి మీ పెదనాన్నది, ఎకరాకు ఇన్ని పుట్లని మాట్లాడుకుని సాగుచేసేది మరొకడు. విత్తనం, ఎరువు, కూలి, అప్పు అన్నీ అతనివి. నీళ్ళు వచ్చి అతని కష్టం తుడిచిపెట్టుకుపోయాక పెదనాన్న ఫోన్ చేస్తాడు: "పట్టా నా పేరున్నే ఉండాది గదా అబ్బయా, నా పేరే రాయి, వాడికి నేనిచ్చుకుంటాలే." ఆయన ఇవ్వాలనే అనుకుంటూ ఉండవచ్చు. అయినా రాయకండి. పెట్టుబడి రాయితీ పంట పెట్టినవాడి నష్టానికి ఇచ్చేది, పట్టాకు ఇచ్చేది కాదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చిందే ఆ కౌలు రైతు కోసం. దాని ప్రకారం పంట సాగుదారు హక్కు కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోలు కావాలి. పెదనాన్న చేత కౌలుదారుకు సంతకం పెట్టించే మాట సీజనుకు ముందే మాట్లాడండి. బంధుత్వాన్ని వాడదగిన చోటు ఏదైనా ఉందంటే అదే.

దీనికి పూర్తిగా ఎదురుగా మరో తప్పు ఉంది. సస్పెన్షన్ల కబుర్లు విని భయపడి, బంధువు పేరును జాబితాలోంచి తానే కొట్టేసేవాళ్ళను చూశాను. అది కూడా పక్షపాతమే. నష్టపోయిన రైతు మీ బాబాయి అయినంత మాత్రాన అతని హక్కు పోదు. మీరు చేర్చనూ వద్దు, తీసేయనూ వద్దు. చేతులు తీసి ఇంకొకరికి అప్పగించండి.

శిక్ష సంగతి కూడా తెలుసుకోండి. 1964 నాటి రాష్ట్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి మీకు వర్తిస్తుంది. సస్పెన్షన్‌లో మొదట వచ్చే జీవనభృతి అర్ధ వేతన సెలవులో వచ్చే జీతమంత మాత్రమే. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం అనుచిత ప్రయోజనం అంటే డబ్బే కానక్కరలేదు, పదవిని అడ్డుపెట్టుకుని మరొకరి కోసం పొందినా నేరమే. ఉద్యోగ విరమణతో అంతా తీరిపోతుందని కూడా అనుకోవద్దు, 1980 పింఛను నియమాల కింద జరిగి నాలుగేళ్ళు దాటని వ్యవహారం మీద విరమణ తరవాత కూడా చర్య మొదలుపెట్టవచ్చు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను, పాటించండి.

చూడని చేనుకు సంతకం పెట్టకండి. వ్యవసాయ శాఖ వాళ్ళు, రెవెన్యూ వాళ్ళు కలిసి చేసే పరిశీలనలో ఎవరి సంతకానికి వారే బాధ్యులు, పక్కవాడు చూశాడన్న మాట విచారణలో నిలవదు.

మీ లాగిన్, మీ ఓటీపీ, మీ వేలిముద్ర సహోద్యోగికి ఇవ్వకండి. ఎంత స్నేహితుడైనా ఇవ్వకండి. స్నేహితుడి కోసం ఇచ్చిన ఓటీపీతో అతని బావమరిది పేరు ఎక్కితే రికార్డులో కనిపించేది మీ పేరే.

లేఖ ఇచ్చాక, మీ స్థానంలో వచ్చిన ఉద్యోగికి ఫోన్ చేసి "మావాడి చేను కాస్త చూడు" అనకండి. ఆ ఒక్క మాటతో లేఖ విలువ పోతుంది.

నువ్వు మావాళ్ళది చూడు, నేను మీవాళ్ళది చూస్తానన్న ఒప్పందం అసలే వద్దు.

బంధువు ఇంట్లో కూర్చుని జాబితా రాయకండి. భోజనానికి వెళ్ళవలసి వస్తే కాగితాలు, ట్యాబు ఆఫీసులో పెట్టి వెళ్ళండి.

పోస్టింగు ఇప్పించిన నాయకుడు ఫలానా పేరు చేర్చమంటే, అర్జీ రాయించి ఇమ్మనండి. అర్జీ వస్తే అందరి అర్జీల్లాగే పరిశీలించండి. పైఅధికారి నోటితో చెబితే ఆ రోజే ఫైల్లో రాసి, ధ్రువీకరించమని కోరుతూ పైకి పంపండి.

జాబితాను సామాజిక తనిఖీ కోసం గోడకు అంటించే రోజున మీరు అక్కడే ఉండండి. వానకు తడవని చోట, పొద్దున్నే అంటించండి. సాయంత్రం అంటించి పొద్దునకల్లా తీసేసిన జాబితా దాచిన జాబితాతో సమానం.

అభ్యంతరం చెప్పిన రైతుతో వాదించకండి. రసీదు ఇవ్వండి. అభ్యంతరం మీ బంధువు మీదైతే మీరు ముట్టుకోవద్దు, పైకి పంపండి.

చేను దగ్గర తీసిన ఫొటోలు తుడిచేయకండి.

ముంపు ఇళ్ళ జాబితాకూ, కూలిన గోడల జాబితాకూ, చచ్చిన గేదెల జాబితాకూ, పడవలు వలలు పోయిన మత్స్యకారుల జాబితాకూ ఇదే నియమం. చేను దగ్గర జాగ్రత్తపడి చెల్లెలి ఇంటి గోడ దగ్గర పట్టుబడినవాళ్ళు ఉన్నారు.

"ఒక్క సంతకమే గదా అబ్బయా" అని మీకు చెప్పే మనిషి మిమ్మల్ని ప్రేమించే మనిషే అయ్యుంటాడు. అయినా పెట్టకండి. మనవాళ్ళ కాగితం మన చేతి మీదుగా పోకూడదు, నిజమైనా పోకూడదు, చిన్నదైనా పోకూడదు, ఎవరూ చూడకపోయినా పోకూడదు.

లేఖ ఇంకా ఇవ్వనివాళ్ళు ఈ సోమవారమే ఇవ్వండి. వాయుగుండం హెచ్చరిక వచ్చాక, చేను మునిగాక ఇచ్చిన లేఖను తప్పించుకోవడానికి రాసినదిగానే చూస్తారు. దాని మీద తేదీ వానకు ముందుది అయి ఉండాలి.