తల్లీబిడ్డల ఫాంటసీ కామిక్‌లో మరీ మంచి పాత్రల్ని దారికి తేవడం ఎలా?

తల్లీకొడుకులో తండ్రీకూతుళ్లో కలిసి మాయాలోకంలో తిరిగే కామిక్ గీస్తున్నారు. బొమ్మలు బాగా కుదిరాయి, రాక్షసులు భయపెడుతున్నారు. అయినా చదివినవాళ్లు "బాగుంది" అని ఊరుకుంటున్నారే తప్ప తర్వాతి భాగం ఎప్పుడని అడగడం లేదు. ఇలాంటప్పుడు కొత్త రాక్షసుణ్ని దించాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఆ ఇద్దర్నీ చూడండి. అమ్మకు తెలియనిది లేదు, బిడ్డ గీసిన గీత దాటడు. ఒకరితో ఒకరికి పేచీ లేదు, పనీ లేదు. బయట ఎంత యుద్ధం జరుగుతున్నా ఈ రకం కథను నడిపేది ఆ ఇద్దరి మధ్య ఉండే చిక్కే.

ముందు లెక్క తేల్చండి

స్క్రిప్టు, రెండు రంగుల పెన్నులు తీసుకోండి. పెద్దవాళ్లు పొరబడ్డ ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) పక్కన ఒక రంగు, పిల్లలు పొరబడ్డచోట ఇంకో రంగు గుర్తు పెట్టండి. శత్రువు మోసం చేయడం వల్ల జరిగినవి లెక్కలోకి రావు, అది వాళ్ల తప్పు కాదు కాబట్టి. 20 పేజీల ఎపిసోడ్‌లో ఒక రంగు అసలు కనపడకపోతే మరమ్మతు అక్కడే మొదలుపెట్టాలి.

ఎదుటివాళ్లకు తగిలే లోపం ఇవ్వండి

కాస్త మతిమరుపు, వంట రాకపోవడం, నడుస్తూ తూలిపడటం వెంటనే తడతాయి. నా దృష్టిలో ఇవి లోపాల వేషంలో ఉన్న ముద్దు మాత్రమే. ఈ లోపం వల్ల రెండో మనిషి ఏం పోగొట్టుకుంటున్నారు? జవాబు లేకపోతే ఇంకోటి వెతకండి.

గాలిని పిలవగల మంత్రగత్తె, తొమ్మిదేళ్ల కొడుకు లోయ దాటాలనుకుందాం. తాళ్ల వంతెన తెగిపోయింది. మొదటి డ్రాఫ్టులో తల్లి చెయ్యెత్తుతుంది, గాలి వస్తుంది, ఇద్దరూ తేలుకుంటూ అవతలి గట్టు చేరతారు, కొడుకు "అమ్మా, నువ్వు సూపర్" అంటాడు. రెండు పేజీలు దండగ.

ఇప్పుడు ఆమెకు ఓపిక తక్కువ అనుకోండి. వెనకటి ఎపిసోడ్ నుంచీ వాడు ముడులు వేయడం నేర్చుకుంటున్నాడు. వంతెన దగ్గర తెగిన తాడు పట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, ముడి వేస్తున్నాడు. సగం పడింది. తల్లి వెనక్కి చూసింది. రాక్షసులు ఇంకా దూరంగానే ఉన్నారు. అయినా చెయ్యెత్తేసింది. తర్వాతి ప్యానెల్‌లో గాల్లో ఉన్న పిల్లాడి మొహం చూపించకండి, గట్టు మీద వేలాడుతున్న సగం ముడి చూపించండి. మాటల బెలూన్ వద్దు. అదే శక్తి, అదే లోయ, కానీ కాపాడిన తీరే వాణ్ని నొప్పించింది. కొన్ని పేజీల తర్వాత వాడు అమ్మకు చెప్పకుండా ఎటో వెళ్లిపోతే ఎందుకని ఎవరూ అడగరు.

అంటే పాత్రను అసమర్థంగా మార్చాల్సిన పనిలేదు. తత్సుయా ఎండో 2019లో మొదలుపెట్టిన 'స్పై ఎక్స్ ఫ్యామిలీ' అనే మాంగాలో (జపనీస్ కామిక్‌లో) తండ్రి ఆరితేరిన గూఢచారి, దత్తత తెచ్చుకున్న కూతురు మనసులు చదవగలదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. అంత శక్తి ఉన్న కూతురేమో చదువులో వెనకబెంచీ. ఇద్దరి ప్రతిభా చెక్కుచెదరలేదు, ఇంట్లో మాత్రం ఇద్దరికీ తిప్పలే.

మంత్రాన్ని గుమ్మం బయటే ఆపండి

మంత్రం గాయం మాన్పవచ్చు, కోట కూల్చవచ్చు. అలిగిన బిడ్డను మాట్లాడించకూడదు. ఆ పనికి మంత్రం వాడితే కథ అక్కడితో అయిపోయినట్టే.

పిల్లల నోట వేదాంతం తీసేయండి

"నాన్నా, భయపడటం తప్పు కాదు" అని ఏడేళ్ల పిల్ల చెబితే ఆ మాట రచయితదని ఇట్టే తెలిసిపోతుంది. పిల్లలు అబద్ధమాడతారు, అసూయపడతారు, రాక్షసుడు తరుముతుంటే ఆకలేస్తోందంటారు. డ్రాగన్ పిల్లను నాన్న ఎక్కువ ముద్దు చేస్తున్నాడని దాని గూడు తలుపు తీసి వదిలేసే కూతురు, బుద్ధిమంతురాలి కన్నా వంద రెట్లు బతికి ఉంటుంది. పెద్దవాళ్ల మాటలే పలికించాలంటే ఎక్కడో విన్నదాన్ని తప్పుగా వాడనివ్వండి.

గీతల్లోనూ కనపడాలి

స్క్రిప్టు మార్చి మొహాలు పాతవే ఉంచితే లాభం లేదు. పాత్ర హావభావాలన్నీ ముందే గీసి పెట్టుకునే క్యారెక్టర్ షీట్‌లో నవ్వు, కోపం, ఏడుపు ఎలాగూ ఉంటాయి. వాటికి విసుగు, సిగ్గు, దొరికిపోయిన మొహం కలపండి. కోపంలోనూ అందంగానే ఉండాలని కనుబొమల దగ్గర చెయ్యి ఆపుకోకండి.

తప్పు తర్వాత ఏం జరుగుతుంది?

చాలామంది ఇక్కడే కంగారుపడి, తర్వాతి పేజీలోనే "నన్ను క్షమించు కన్నా" అనిపించేస్తారు. కొంచెం ఆలస్యం చేయండి. ఆ తల్లి క్షమాపణ అడగకుండా, రాత్రి మంట పక్కన కొత్త తాడు పెట్టి వెళ్లవచ్చు. కొడుకు దాన్ని ముట్టుకోకపోవచ్చు. మరోపక్క, అస్తమానం కసురుకునే తల్లిని చదవడం కష్టం. వాడు నిద్రపోతుంటే దుప్పటి సర్దే చెయ్యి కూడా ఒక ప్యానెల్‌లో ఉండాలి, లేకపోతే ఆమె మీద నమ్మకం పోతుంది.

చివరగా స్క్రిప్టును ఎవరికైనా ఇచ్చి ఒక్క ప్రశ్న అడగండి: "అమ్మ మీద ఎక్కడ కోపం వచ్చింది?" పేజీ నంబర్ చెబితే పెన్సిల్ గీతల మీద ఇంకు వేయడం మొదలుపెట్టవచ్చు. "అయ్యో, ఆమె చాలా మంచిది కదా" అంటే మాత్రం పెన్సిల్ దశలోనే ఆగండి.