రక్తనాళాల పెరుగుదలను ఆపే మందులను కణజాల నమూనాలపై పరీక్షించడం ఎలా?

ముందుగా, చేతిలో ఉన్న మందు ఏ దశను అడ్డుకుంటుందో తేల్చుకోవాలి. రక్తనాళాల లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాలు వీఈజీఎఫ్ (రక్తనాళాల పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్) వంటి సంకేతం అందుకుని, చుట్టూ ఉన్న మాట్రిక్స్‌ను (కణాలను పట్టి ఉంచే ప్రోటీన్ల అల్లికను) కరిగించుకుంటూ ముందుకు జరిగి, విభజన చెంది, చివరకు గొట్టాలుగా అమరుతాయి. ఈ దశలన్నింటినీ ఒకే నమూనాలో చూడడం కష్టం.

తొలి వడపోతకు మాట్రిజెల్ (మాట్రిక్స్ ప్రోటీన్లతో చేసిన జెల్) పరీక్ష సరిపోతుంది. మాట్రిజెల్‌ను రాత్రంతా 4 డిగ్రీల సెల్సియస్ వద్ద కరగనివ్వాలి. గది వేడికే అది గడ్డకట్టడం మొదలుపెడుతుంది కనుక టిప్పులను, ప్లేటును ముందే చల్లబరచి, పనంతా ఐస్ మీదే చేయాలి. 96 వెల్ (చిన్న గుంట) ప్లేటులో ఒక్కో వెల్‌కు 50 మైక్రోలీటర్ల చొప్పున బుడగలు రాకుండా పోసి, 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచాలి. దానిపై బొడ్డుతాడు సిర నుంచి తీసిన హ్యూవెక్ కణాలను, వెల్‌కు 10,000 నుంచి 20,000 వరకు, మందు కలిపిన మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) వేయాలి. ఆరో పాసేజ్ (కణాలను కొత్త పాత్రలోకి మార్చి పెంచడం) దాటిన కణాలను వాడకపోవడమే మేలు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటల్లో కణాలు వలలా అల్లుకుంటాయి. మందు లేని వెల్‌లో కూడా ఆ వల 24 గంటలయ్యేసరికి తరచూ తెగిపోతుంది కాబట్టి, మరునాటి ఫొటోలు చూసి మందును మెచ్చుకోవడం తొందరపాటే అవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది: కణాలను చంపే ఏ విషమైనా వల అల్లికను ఆపుతుంది. అందుకే అవే మోతాదులతో, అంతే సమయం, కణాల జీవశక్తిని విడిగా కొలవాలి. మందును డీఎంఎస్‌వో అనే ద్రావణిలో కరిగిస్తే, దాని పాళ్లు 0.1 శాతం మించకుండా చూసి, అదే పాళ్లలో డీఎంఎస్‌వో మాత్రమే ఉన్న కంట్రోల్‌ను (పోలిక నమూనాను), వల అల్లికను ఆపుతుందని తెలిసిన సురామిన్ అనే మందుతో పాజిటివ్ కంట్రోల్‌ను పక్కనే నడపాలి. ఫైబ్రోబ్లాస్టులు (సంధాయక కణజాలపు కణాలు) సైతం మాట్రిజెల్‌పై వలలు అల్లగలవు కనుక, ఈ ఒక్క ఫలితంతో నిర్ధారణకు రాకూడదు.

రెండో అంచెలో హ్యూవెక్ కణాలను ఫైబ్రోబ్లాస్టులతో కలిపి దాదాపు రెండు వారాలు పెంచి, సీడీ31 (ఎండోథీలియల్ కణాలపై ఉండే ప్రోటీన్) రంగుతో గొట్టాలను గుర్తించి, మొత్తం పొడవును, కొమ్మల సంఖ్యను కొలవాలి. ఏ వెల్‌లో ఏ మందు ఉందో కొలిచేవారికి తెలియకూడదు.

మూడో అంచెలో ఎలుక బృహద్ధమనిని సుమారు ఒక మిల్లీమీటరు రింగులుగా కోసి కొల్లాజెన్ అనే ప్రోటీన్ జెల్‌లో పొదిగితే, చుట్టూ ఉండే సహాయక కణాలతో సహా మొలకలు వస్తాయి. అయితే 2004లో అమెరికాలో ఆమోదం పొందిన బెవాసిజుమాబ్ అనే యాంటీబాడీ (వీఈజీఎఫ్‌ను అంటిపెట్టుకుని అడ్డుకునే ప్రోటీన్ మందు) మానవ వీఈజీఎఫ్‌ను పట్టుకున్నంత గట్టిగా ఎలుకల వీఈజీఎఫ్‌ను పట్టుకోలేదు. అటువంటి యాంటీబాడీలను మానవ కణాల నమూనాలోనే పరీక్షించాలి. రింగులపై మందు పనిచేసినట్టు కనిపిస్తే, దాన్ని కడిగేసి తాజా మీడియం పోసి, మొలకలు తిరిగి వస్తున్నాయో లేదో కొన్ని రోజులు గమనించాలి.