సొంతంగా మోటారు యాచ్ కట్టిస్తున్నారా? యార్డులో ఎప్పుడు ఏం చూడాలి?

పడవలు కట్టే యార్డుకు వెళ్లగానే సోఫా గుడ్డ, చెక్క రంగు చూపించమనడం యజమానులందరికీ ఉన్న బలహీనతే. వాటిని రేపు కూడా మార్చుకోవచ్చు. గోడ పలకల వెనక దాగిపోయిన పైపును మళ్లీ చూడాలంటే మాత్రం పలక ఊడదీయాల్సిందే. అందుకని ఏ భాగాన్ని ఏ రోజు మూసేస్తారో ముందే అడిగి రాసుకోండి. ఆ రోజుకు ముందు మీరు అక్కడ ఉండాలి.

మొదట ఒప్పందం. చెల్లింపులను తేదీలకు కాకుండా పని దశలకు ముడిపెట్టించండి: కీల్ (పడవ అడుగున వెన్నెముకలాంటి భాగం) వేయడం, హల్ (నీటిలో తేలే పడవ ఒడలు) పూర్తికావడం, ఇంజన్లు దిగడం, నీటిలోకి దించడం, అప్పగింత. నౌకల నిర్మాణానికి నిబంధనలు పెట్టి తనిఖీ చేసే లాయిడ్స్ రిజిస్టర్, రినా, డీఎన్‌వీ వంటి వర్గీకరణ సంస్థ సర్వేయర్ వచ్చిపోతున్నా, ఆయన చూసేది నిబంధనలనే. మీ మంచం పక్కన రాత్రంతా మోగే పంపు ఆయనకు పట్టదు. మీ తరఫున వేరే సర్వేయర్‌ను పెట్టుకోండి.

లోహపు హల్ అయితే రంగు పడకముందే వెల్డింగ్ అతుకుల పరీక్ష ఫలితాలు చూడండి. ఉక్కు హల్ మీద అల్యూమినియం పైకట్టడం ఉంటే ఆ రెండూ కలిసే చోట కాసేపు నిలబడండి. ఆ లోహాలు నేరుగా వెల్డింగుకు లొంగవు. పేలుడు ఒత్తిడితో ముందే అతికించిన ద్విలోహ పట్టీని మధ్యలో వాడతారు. అవి ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీటిలో తడిస్తే తినుకుపోయేది అల్యూమినియమే. ట్యాంకుల ఒత్తిడి పరీక్ష కూడా ఇప్పుడే జరగాలి.

అసలు పని పైపులు, తీగలు, యంత్రాలు బిగించే అమరికల దశలో ఉంది. ప్రతి గదినీ పలకలు బిగించకముందు ఫొటోలు తీయండి. పక్కన కొలబద్ద పెట్టి తీస్తే, తర్వాత మేకు కొట్టాల్సి వచ్చినప్పుడు తీగ ఎక్కడుందో తెలుస్తుంది. తీగలకు రెండు చివరలా నంబర్లుండాలి. ఇంజన్ గదిలోకి దిగి ప్రతి ఫిల్టరునూ చేత్తో అందుకోండి. హల్ నుంచి బయటికి తెరుచుకునే ప్రతి కవాటాన్నీ స్వయంగా తిప్పండి. నిశ్చలంగా ఉన్న యార్డులోనే చెయ్యి అందకపోతే, ఊగే సముద్రంలో ఎలా అందుతుంది? పాడైన ఇంజన్‌ను ఏ దారిన బయటికి తీస్తారో కూడా అడగండి. జవాబు తడబడితే అప్పుడే డెక్‌లో ఊడదీయగల మూత పెట్టించండి.

మధ్యలో మీకు పాలరాతి స్నానగది మీద మనసు పడుతుంది. పడనివ్వండి. కానీ ప్రతి మార్పుకూ ధర, అదనపు రోజులతోపాటు బరువు కూడా రాయించుకోండి. బరువు పెరిగితే తగ్గేది వేగం. పైఅంతస్తులో పెరిగితే స్థిరత్వం కూడా తగ్గుతుంది.

నీటిలోకి దించాక హల్ ఆకారం స్వల్పంగా మారుతుంది కాబట్టి ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు ఇంజన్‌తో ఒకే వరుసలో ఉందో లేదో తిరిగి సరిచూడాలి. తెలిసిన బరువులను అటూ ఇటూ జరిపి గురుత్వకేంద్రాన్ని లెక్కించే ఒరుగు పరీక్షకు తప్పక వెళ్లండి. సముద్ర పరీక్షలో వేగం, అత్యవసర నిలుపుదల అందరూ చూస్తారు. మీరు జనరేటర్ వేయించి, పడకగది తలుపు మూసుకుని, శబ్దం కొలవండి. కనబడిన లోపాలన్నీ సంతకాలతో జాబితాగా రాయించి, అవి తీరేదాకా చివరి వాయిదాలో కొంత ఆపుకునే షరతు ఒప్పందంలోనే ఉంచండి.

వారంటీ ముగియడానికి ఒక నెల ముందు యాచ్‌ను ఒడ్డుకెత్తించి అడుగుభాగం చూడండి. తుప్పును తమ మీదికి తీసుకునే జింకు దిమ్మలు అనుకున్నదానికన్నా త్వరగా కరిగిపోయి ఉంటే, ఆ కారణం వెతికే పని యార్డుదే.